వేడికి లిపిడ్ పొర తీరు మారేదెలా: పత్తి గింజ నుంచి యాసంగి నారుమడి దాకా

కణాన్ని చుట్టి ఉండే పొర మందం నాలుగైదు నానోమీటర్లకు మించదు. లిపిడ్లనే కొవ్వు అణువులు రెండు వరుసలుగా ఎదురెదురుగా నిలబడితే ఆ పొర ఏర్పడుతుంది. ప్రతి అణువుకూ నీటితో పొసిగే తల ఒకటి, నీటికి ఎడంగా ఉండే తోకలు రెండు. తలలు నీటివైపు, తోకలు లోపలివైపు తిరిగి ఉంటాయి. చల్లగా ఉన్నంతసేపు తోకలు నిటారుగా, ఒకదాన్నొకటి ఆనుకుని బిగుసుకుని ఉంటాయి. దీన్ని జెల్ దశ అంటారు. వేడి ఒక హద్దు దాటగానే తోకల్లో మెలికలు పడతాయి, అణువుల మధ్య ఎడం పెరుగుతుంది, ఒక్కో అణువు తన వరుసలోనే పక్కలకు జారుతూ తిరుగుతుంది. ఇది ద్రవస్ఫటిక దశ. పేరిన నెయ్యి కరగడంలో ఉన్న రసాయనమే ఇక్కడా ఉంది. కాకపోతే నెయ్యి కరిగితే ఆకారం పోతుంది, పొర కరిగినా పొరగానే నిలుస్తుంది.

రెండు దశలకూ తేడా చిన్నది కాదు. ఈ రంగంలో అందరూ కొలబద్దగా వాడే డీపీపీసీ అనే లిపిడ్‌ను తీసుకుంటే, జెల్ దశలో ఒక్కో అణువు ఆక్రమించే జాగా సుమారు 0.48 చదరపు నానోమీటర్లు. కరిగాక అది 0.63 దాకా పెరుగుతుంది. పొర మందం అర నానోమీటరుకు పైగా తగ్గుతుంది, అణువులు పక్కలకు జారే వేగం వందల రెట్లు పెరుగుతుంది. పొరలో కూర్చుని పనిచేసే ప్రోటీన్లకు ఇంత మార్పు అంటే నేల కదిలినట్టే.

ఈ మార్పు ఏ ఉష్ణోగ్రత దగ్గర జరుగుతుందన్నది మొదట అడిగే ప్రశ్న. పుస్తకాల చివర ఉండే పట్టికలు దానికి ఒక్కో లిపిడ్‌కు ఒక్కో అంకె చూపిస్తాయి. ఆ అంకెలు తప్పు కావు. అయితే అవి పుష్కలంగా నీరు ఉన్నచోట, ఒంటరిగా ఉన్న శుద్ధ లిపిడ్‌కు చెందినవి. నీరు తగ్గినా, పక్కన మరో అణువు చేరినా అంకె పదుల డిగ్రీలు కదులుతుంది. కరిగే ఉష్ణోగ్రతలో లిపిడ్‌కు ఎంత వాటా ఉందో, దాని చుట్టూ ఉన్నవాటికీ దాదాపు అంత వాటా ఉంది. యాభై ఏళ్లకు పైబడిన ఈ పరిశోధనను ఆ దృష్టితో చూస్తేనే ఏది నికరంగా తేలింది, ఏది ఇంకా వాదంలో ఉంది అన్నది స్పష్టపడుతుంది.

ముందు శుద్ధ లిపిడ్ సంగతి. కొలవడానికి ఎక్కువగా వాడే సాధనం డిఫరెన్షియల్ స్కానింగ్ కెలోరిమీటర్. నమూనా తయారీ ఓపిక కోరే పని. కొద్ది మిల్లీగ్రాముల లిపిడ్‌ను క్లోరోఫాం, మెథనాల్ మిశ్రమంలో కరిగిస్తారు. నైట్రోజన్ వాయువు ఊదుతూ ఆ ద్రావకాన్ని ఆరబెడితే గాజు గొట్టం అడుగున పల్చటి పొర మిగులుతుంది. ద్రావకం ఆనవాలు కూడా మిగలకుండా దాన్ని గంటల తరబడి వాక్యూమ్‌లో ఉంచుతారు. తర్వాత లిపిడ్ కరిగే ఉష్ణోగ్రత కన్నా పైన వేడి చేసిన బఫర్ పోసి, పాలలా తెల్లబడేదాకా గట్టిగా కుదుపుతారు. ఉల్లిపొరల్లా ఒకదాని లోపల ఒకటిగా లిపిడ్ సంచులు తయారవుతాయి. యంత్రంలో రెండు గదులు ఉంటాయి. ఒకదానిలో ఈ నమూనా, రెండోదానిలో వట్టి బఫర్. రెండింటినీ ఒకే వేగంతో, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పునో అంతకన్నా నెమ్మదిగానో వేడెక్కిస్తారు. లిపిడ్ కరిగే చోట మొదటి గదికి అదనంగా వేడి కావాల్సి వస్తుంది. ఆ అదనమే గీత మీద శిఖరంగా లేస్తుంది.

డీపీపీసీ గీత 25 డిగ్రీల దగ్గర చదునుగా ఉంటుంది. 35 దగ్గర చిన్న గుబ్బ కనిపిస్తుంది. చదునైన జెల్ పొర అక్కడ అలలు తేలిన పొరగా మారుతుంది. 41 డిగ్రీలు దాటుతుండగా ఒక నిటారైన శిఖరం లేచి, డిగ్రీ తిరక్కుండానే దిగిపోతుంది. మోల్‌కు సుమారు 36 కిలోజౌళ్ల వేడి ఆ కాసేపట్లో లోపలికి పోతుంది. శిఖరం అంత సన్నగా ఉండటానికి కారణం అణువులు ఒక్కొక్కటిగా కాక గుంపులుగా కరగడం. శిఖరం ఎంత సన్నగా ఉంటే గుంపు అంత పెద్దదని లెక్క.

కథ అంతటితో అయిపోయిందనుకున్నారు. 1980లో చెన్, స్టర్టెవంట్, గాఫ్నీ అనే ముగ్గురు అదే లిపిడ్‌ను సున్నా డిగ్రీల దగ్గర కొన్ని రోజులు ఉంచి ఆ తర్వాత వేడి చేశారు. 18 డిగ్రీల దగ్గర అంతకుముందు ఎవరూ చూడని మూడో శిఖరం కనిపించింది. చలిలో నిదానంగా అణువులు మరింత క్రమంగా పేరుకున్నాయన్న మాట. నమూనా గతంలో ఏ చలిని, ఏ వేడిని చూసిందో తెలియకుండా గీతను చదవకూడదని ఈ రంగం అప్పుడు నేర్చుకుంది. ఇప్పటికీ కొన్ని పరిశోధన పత్రాల్లో ఆ చరిత్ర రాయకుండా అంకె మాత్రమే ఇవ్వడం కనిపిస్తుంది. అలాంటి అంకెకు విలువ సగమే.

ఉష్ణోగ్రతను నిర్ణయించేవాటిలో తోక పొడవు మొదటిది. ఒకే తల ఉండి తోకలో 14 కార్బన్లుంటే 24 డిగ్రీలకు, 16 ఉంటే 41కి, 18 ఉంటే 55కి కరుగుతుంది. తోక మధ్యలో ఒక ద్విబంధం చేరితే అక్కడ వంకర పడి అణువులు దగ్గరగా ఒదగలేవు. 18 కార్బన్ల తోకలు రెండింటిలోనూ ఒక్కో ద్విబంధం ఉన్న డీఓపీసీ సున్నాకు చాలా దిగువన, మైనస్ 17 ప్రాంతంలోనే కరిగిపోతుంది. తల మారినా తేడా ఎక్కువే. డీపీపీసీ తోకలే ఉంచి కోలీన్ తలకు బదులు చిన్నదైన ఎథనోలమైన్ తల పెడితే కరిగే ఉష్ణోగ్రత 63 అవుతుంది. చిన్న తలలు ఒకదానికొకటి దగ్గరై హైడ్రోజన్ బంధాలతో బిగుసుకోవడమే కారణం. తలకు విద్యుదావేశం ఉంటే ఆమ్లత, ఉప్పు, కాల్షియం కూడా లెక్కలోకి వస్తాయి.

కొలెస్టరాల్ ప్రభావం వేరు తరహాది. అది చేరుతున్న కొద్దీ శిఖరం వెడల్పై, పొట్టిదై, సుమారు సగానికి సగం చేరేసరికి కనబడకుండా పోతుంది. జెల్ అంత బిగువు గానీ ద్రవం అంత వదులు గానీ కాని మూడో స్థితి ఏర్పడుతుంది. అందులో తోకలు క్రమంగానే ఉంటాయి, అణువులు మాత్రం జారుతుంటాయి. మనిషి ఎర్ర రక్తకణం పొరను వేడి చేస్తే పదునైన శిఖరం రాకపోవడానికి ముఖ్య కారణం ఇదే.

అన్నిటికన్నా తక్కువగా పట్టించుకునేది నీరు. ఒక్కో లిపిడ్ తలకు పది పన్నెండు నీటి అణువులు అందకపోతే తలలు దగ్గరకు జరుగుతాయి, తోకలు బిగుస్తాయి, కరిగే ఉష్ణోగ్రత పైకి ఎగబాకుతుంది. 41 డిగ్రీలకు కరిగే డీపీపీసీ పూర్తిగా ఎండితే 100 దాటినా కరగదు. అమెరికాలో జాన్ క్రో, లోయిస్ క్రో దంపతుల బృందం 1984లో మరో విషయం చూపించింది. ఎండేటప్పుడు ట్రెహలోజ్ అనే చక్కెర తోడుంటే అది తలల మధ్య నీటి చోటును తీసుకుంటుంది, ఉష్ణోగ్రత పైకి పోకుండా ఆపుతుంది. ఎండిపోయి మళ్లీ బతికే జీవుల రహస్యంలో ఇది ముఖ్యమైన భాగం.

గింజ విషయం సరిగ్గా ఇక్కడే వస్తుంది. వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌కు వానాకాలం పంట చివర వచ్చే పత్తి బరువులో దాదాపు మూడింట రెండు వంతులు గింజదే. యార్డులో ధర చెప్పే ముందు తేమ చూస్తారు. కాటన్ కార్పొరేషన్ కొనుగోళ్లలో 8 శాతం తేమకు పూర్తి మద్దతు ధర, 12 శాతం వరకు కోత, అది దాటితే తిరస్కారం. వ్యాపారానికి అది బరువు, నాణ్యతల లెక్క. గింజలోని కణపొరకు మాత్రం తేమ అంటే కరిగే ఉష్ణోగ్రత. ఎండిన గింజలో పొరలు నీరు లేక బిగుసుకుని ఉంటాయి. విత్తాక నీరు లోపలికి దూసుకొస్తుంటే పొరలు జెల్ నుంచి ద్రవానికి మారతాయి. ఆ మార్పు నడుస్తున్నంతసేపు పొర చిల్లులు పడ్డట్టు కారుతుంది. లిపిడ్ సంచుల నుంచి సోడియం కరిగే ఉష్ణోగ్రత దగ్గరే అత్యధికంగా బయటపడుతుందని పాపహజోపౌలస్ బృందం 1973లోనే కొలిచి చూపింది. రెండు దశలూ పక్కపక్కన ఉన్న చోట వాటి అంచులు సరిగా అతకకపోవడమే ఆ కారుడుకు మూలం. నేల చల్లగా ఉంటే పొరలు కరగకముందే నీరు చేరి నష్టం పెరుగుతుంది. పత్తి గింజ నానే మొదటి గంటల్లో చలి తగిలితే మొలక వేరు దెబ్బతింటుందని అమెరికా పత్తి ప్రాంతాల్లో 1960ల నుంచి చేసిన ప్రయోగాలు చెబుతున్నాయి. వరంగల్‌లో పత్తి విత్తేది జూన్ వానలకు, నేల వెచ్చగా ఉన్నప్పుడు. కాబట్టి ఈ ఇబ్బంది ఇక్కడి రైతుకు తగలదు.

పత్తి గింజ మరో రకంగా కూడా ఈ పరిశోధనలోకి వచ్చింది. గింజలో ఉండే నూనె వేరు, పొర లిపిడ్లు వేరు. మిల్లులో పిండేది మొదటిది. 1993లో అమెరికాలో కెంట్ చాప్‌మన్, థామస్ మూర్ పత్తి మొలకల విత్తన దళాల్లో ఎన్-ఎసైల్ ఫాస్ఫాటిడిల్ ఎథనోలమైన్ అనే అరుదైన పొర లిపిడ్‌ను గుర్తించి, అది తయారయ్యే తీరును వివరించారు. మామూలు లిపిడ్‌కు రెండు తోకలుంటే దీని తలకు అతుక్కుని మూడో తోక ఉంటుంది. ఈ లిపిడ్ విరిగితే ఎన్-ఎసైల్ ఎథనోలమైన్ అనే చిన్న అణువు బయటపడుతుంది. 1999 నాటికి అదే బృందం ఎండిన గింజల్లో ఈ చిన్న అణువులు ఉన్నాయనీ, గింజ నానగానే తగ్గిపోతాయనీ చూపింది. జంతువుల్లో ఈ లిపిడ్లు ఎక్కువయ్యేది కణజాలం దెబ్బతిన్నప్పుడు. రక్తం అందక దెబ్బతిన్న కుక్క గుండె కండరంలో వీటిని 1970ల చివర్లోనే గమనించారు. అంటే మొక్కలోనూ జంతువులోనూ ఇబ్బంది సమయంలో కనిపించే లిపిడ్ ఇది. అప్పుడు అది పొరకు ఏం చేస్తుంది? బిగిస్తుందా, వదులు చేస్తుందా?

ఈ ప్రశ్నకు భౌతిక రసాయనం వైపు నుంచి జవాబు వెతికినవారిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం రసాయన శాస్త్ర విభాగానికి చెందిన ముస్తి జె. స్వామి బృందం ముందు వరుసలో ఉంది. జర్మనీలోని గొట్టింగెన్‌లో పనిచేసిన డెరెక్ మార్ష్‌తో కలిసి ఈ బృందం 1997లో మూడు తోకల లిపిడ్లను తోక పొడవు మారుస్తూ వరుసగా తయారుచేసి, ఒక్కోదాన్నీ కెలోరిమీటర్‌లో వేడి చేసింది. కరగడానికి పట్టే వేడి తోక పొడవుతో సరళరేఖలో పెరిగింది. తల నుంచి వచ్చే మూడో తోక నీటిలోకి వేలాడకుండా వెనక్కి మడుచుకుని మిగిలిన రెండింటితో పాటే పొర లోపల ఒదుగుతుందని ఈ కొలతలు, స్పిన్ లేబుల్ ప్రయోగాలు కలిసి తేల్చాయి. పొరకు అదనపు పట్టు ఎలా వస్తుందో దీంతో అర్థమవుతుంది.

చిన్న అణువుల మీద కూడా అదే పద్ధతిలో, తోకలో సరి సంఖ్య కార్బన్లున్నవీ బేసి సంఖ్య ఉన్నవీ విడివిడిగా కొలిచారు. 1999లో ఎన్-మిరిస్టాయిల్ ఎథనోలమైన్ స్ఫటికం నిర్మాణం వెలువడింది. అణువులు ఏటవాలుగా, తలకు తల ఎదురుగా, పొరలాగే పేర్చుకున్నాయి. 2002లో ఆ అణువు కొలెస్టరాల్‌తో ఒకటికి ఒకటి చొప్పున జతకడుతుందని కెలోరిమీటర్, మాస్ స్పెక్ట్రోమెట్రీ కొలతలతో చూపారు. ఒకే రకం అణువులను తోక పొడవు వరసలో ఓపిగ్గా కొలుచుకుంటూ పోయే ఇలాంటి పనికి పేరు తక్కువ వస్తుంది. పత్తి గింజలోనో గుండె కండరంలోనో కనిపించిన అణువు గురించి ఎవరైనా ఏదైనా నిలకడగా చెప్పగలుగుతున్నారంటే మాత్రం ఈ పట్టికల వల్లే.

ఎనుమాములకు వచ్చే మరో పంట మిర్చి. అందులోని ఘాటు పదార్థం కాప్సైసిన్ కూడా ఒక చిన్న తలకు ఎమైడ్ బంధంతో కొవ్వు తోక అతికిన అణువే. కూర్పులో పత్తి గింజలోని చిన్న అణువులకు దూరపు చుట్టం. స్పెయిన్‌లో అరాండా బృందం 1995లో చేసిన కొలతల్లో కాప్సైసిన్ లిపిడ్ పొరలో దూరి, కరిగే శిఖరాన్ని వెడల్పు చేసి కిందికి దించింది. అయితే నోరు మండటానికి ఇది కారణం కాదు. మంటను గుర్తించేది టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్. దాన్ని 1997లో వెలికితీసిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. ఆ ప్రోటీన్ 43 డిగ్రీల వేడికి తెరుచుకోవడం, డీపీపీసీ 41 దగ్గర కరగడం చూసి రెండింటికీ ముడిపెట్టడం సరికాదు. అంకెలు దగ్గరగా ఉన్నంత మాత్రాన కారణం ఒకటే కాదు.

కెలోరిమీటర్ ఒక్కటే చాలదు. ఇన్‌ఫ్రారెడ్‌లో తోకల కంపనం 2850 తరంగసంఖ్య దగ్గర నుంచి రెండు మూడు ప్రమాణాలు పైకి జరిగితే తోకలు మెలికలు తిరిగాయని అర్థం. ఎక్స్ కిరణాలు అణువుల మధ్య దూరాన్ని చెబుతాయి. లార్డాన్ అనే రంగు అణువును పొరలో పెడితే జెల్‌లో 440 నానోమీటర్ల నీలి వెలుగు, ద్రవంలో నీరు చొరబడటం వల్ల 490 వైపు జరిగిన వెలుగు ఇస్తుంది. చిక్కేమిటంటే రంగు అణువు తానున్న చోటు గురించి మాత్రమే చెబుతుంది, తన ఉనికితో ఆ చోటును కొంత మార్చేస్తుంది కూడా. అందుకే ఒక పద్ధతి చెప్పిన ఉష్ణోగ్రతకు మరొకటి చెప్పినది ఒకటి రెండు డిగ్రీల తేడాతో ఉంటే తగవు పడాల్సిన పనిలేదు.

బతికున్న కణం పొర నిజంగా ఇలా కరుగుతుందా అన్నది వేరే ప్రశ్న. 1925లో గోర్టర్, గ్రెండెల్ రెండు వరుసల పొరను ఊహించాక, 1960ల్లో బ్రిటన్‌లో డెనిస్ చాప్‌మన్ బృందం లిపిడ్, నీటి మిశ్రమాల కరుగుదలను క్రమబద్ధంగా కొలిచింది. 1969లో స్టైమ్, మెక్‌ఎల్‌హానీ తదితరులు గోడలేని సూక్ష్మజీవి ఎకోలెప్లాస్మా లైడ్‌లావీ మీద ప్రయోగించారు. ఆ జీవి పొరలోనూ, దాని నుంచి తీసిన లిపిడ్లలోనూ ఒకే చోట శిఖరం వచ్చింది. పొరలో అధిక భాగం లిపిడ్ జంట వరుసే అనడానికి అది గట్టి రుజువైంది. 1974లో సినెన్‌స్కీ ఇ.కొలై బ్యాక్టీరియా పెరిగే ఉష్ణోగ్రతను బట్టి తోకల్లో ద్విబంధాలను మార్చుకుని పొర వదులును దాదాపు ఒకే స్థాయిలో నిలుపుకుంటుందని చూపాడు. కణం కరుగుదలకు లోబడటం కాదు, దాన్ని తానే సర్దుకుంటుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీలో ఎస్. శివాజీ, ఎం.వి. జగన్నాథం అంటార్కిటికా సూక్ష్మజీవుల మీద చేసిన పని ఈ దారిలోదే. ఒక చలి తట్టుకునే మైక్రోకాకస్ నుంచి తీసిన కెరోటినాయిడ్ రంగు కృత్రిమ పొరలతో ఎలా మెలుగుతుందో వారు 1991లో ప్రచురించారు. చలిలో పొరను సర్దడానికి కొవ్వు తోకలే కాదు, రంగు అణువులూ పనికొస్తాయన్న ఆలోచనకు అది బలమిచ్చింది.

వైద్యంలో దీన్ని వాడుకునే ప్రయత్నం 1978లో యాట్విన్ బృందంతో మొదలైంది. 41 డిగ్రీలకు పైన కరిగే లిపిడ్ సంచిలో మందు నింపి, కణితి ఉన్న చోటును మాత్రం వేడి చేస్తే అక్కడే మందు కారుతుందన్నది ఆలోచన. ఆ తరహా మందు థర్మోడాక్స్ కాలేయ క్యాన్సర్ మీద చేసిన మూడో దశ పరీక్షలో 2013లో ఆశించిన ఫలితం ఇవ్వలేదు.  రోగి కణితిని తగినంత సేపు వేడిగా ఉంచకపోవడం కారణం కావచ్చని అప్పట్లో భావించారు.

మొక్కల సంగతికి వస్తే, 1970ల్లో లయన్స్, రైసన్ ఒక ఆకర్షణీయమైన వాదం తెచ్చారు. చలికి తట్టుకోలేని మొక్కల పొర పది పదిహేను డిగ్రీల దగ్గర జెల్‌గా మారిపోతుందనీ, దెబ్బంతా అక్కడే మొదలవుతుందనీ అన్నారు. తెలంగాణ రైతుకు ఇది పుస్తకాల వాదం కాదు. డిసెంబరు, జనవరిలో రాత్రి ఉష్ణోగ్రత బాగా పడితే యాసంగి వరి నారు పసుపు, ఎరుపు తిరిగి ఎదుగుదల ఆగిపోతుంది. సాయంత్రం మడిలో నీరు తీసి ఉదయం కొత్త నీరు పెట్టడం, కర్రలు పాతి పాలిథీన్ షీటో యూరియా సంచులతో కుట్టిన పట్టానో రాత్రి కప్పి పొద్దున తీసేయడం వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పే జాగ్రత్తలు.

అయితే వరి ఆకు లిపిడ్లలో మూడు ద్విబంధాలున్న తోకలు ఎక్కువ. పొర మొత్తంగా పది డిగ్రీల దగ్గర గడ్డకట్టే అవకాశం లేదు. 1980ల మొదట్లో జపాన్‌లో నోరియో మురాటా వాదాన్ని సరిచేశాడు. పొర మొత్తం కాదు, పత్రహరితపు పొరల్లో కొద్ది శాతమే ఉండే ఫాస్ఫాటిడిల్ గ్లిసరాల్ అన్న లిపిడ్‌ను చూడమన్నాడు. చలికి ఓర్వని మొక్కల్లో దానికి గది ఉష్ణోగ్రతకు పైన కరిగే తోకలు ఎక్కువ. 1992లో అతని బృందం పొగాకు మొక్కలో జన్యువు మార్చి ఆ లిపిడ్ తోకలను మార్చింది, చలి తట్టుకునే శక్తి మారింది. వాదం గెలిచినట్టే కనిపించింది. 1995లో వూ, బ్రౌజ్ అరబిడాప్సిస్‌లో ఒక ఉత్పరివర్తనాన్ని చూపారు. దానిలో అధిక ఉష్ణోగ్రతకు కరిగే ఆ లిపిడ్ చాలా చలి-సున్నిత మొక్కల్లో కన్నా ఎక్కువే ఉంది. అయినా మామూలు చలి దెబ్బ లక్షణాలు రాలేదు. చాలా వారాలు చలిలో ఉంచితేనే నష్టం కనిపించింది. కనుక పొర గడ్డకట్టడం చలి దెబ్బకు ఒక కారణమే గానీ ఏకైక కారణం కాదని ఒప్పుకోవడమే న్యాయం. నారుమడిలో చలికి వేరు నీరు తీసుకోలేకపోవడం, ఉదయపు ఎండలో పత్రహరితం దెబ్బతినడం కూడా కలిసి పనిచేస్తాయి.

మే నెల ఎండకు ప్రశ్న తిరగబడుతుంది. అప్పటికి పొర ఎప్పుడో ద్రవంగానే ఉంటుంది, కరగాల్సింది ఏమీ మిగలదు. ప్రమాదం మరోటి. పత్రహరితపు పొరల్లో సగం దాకా ఉండే ఎంజీడీజీ అన్న లిపిడ్‌కు తల చిన్నది, తోకలు వెడల్పు. వేడికి తోకలు ఇంకా విచ్చుకుంటే అది చదునైన పొరలో ఇమడక, తలలు లోపలికి తిరిగిన గొట్టాలుగా చుట్టుకోవాలని చూస్తుంది. పీటర్ క్విన్‌తో కలిసి గౌనారిస్ తదితరులు 1984లో క్లోరోప్లాస్ట్‌లను వేడిచేసి చూశారు. 35 నుంచి 45 డిగ్రీల మధ్య పొరల దొంతరలు విడిపోయాయి. 45 దాటాక ఈ గొట్టాల వంటి నిర్మాణాలు కనిపించాయి. వరంగల్ వేసవిలో గాలి ఉష్ణోగ్రతే ఆ హద్దును తాకే రోజులుంటాయి. నీరు అందే ఆకు తేమ వదులుతూ గాలి కన్నా చల్లగా ఉంటుంది కాబట్టి తట్టుకుంటుంది. నీరు అందని ఆకుకు ఆ వీలు లేదు.

వేడి తట్టుకునే రకాలను ఎంచేందుకు పరిశోధకులు వాడే పరీక్ష వీటన్నిటికన్నా సాదాది. ఆకు నుంచి చిన్న బిళ్లలు కోసి, కడిగి, వేడి నీటిలో కొంతసేపు ఉంచి, నీటిలోకి కారిన లవణాలను విద్యుత్ వాహకతతో కొలుస్తారు. తర్వాత బిళ్లలను పూర్తిగా ఉడికించి మళ్లీ కొలిచి, మొదటిది రెండోదానిలో ఎంత శాతమో లెక్కకడతారు. తక్కువ కారితే పొర గట్టిదని అర్థం. ఈ అంకె దశ మార్పును చూపదు. లిపిడ్ గొట్టాలుగా మారిందా, ప్రోటీన్ చెడిందా, పొరను ఆక్సిజన్ కొరికిందా అన్నది దీనితో తేలదు. ఆ తేడా తెలియాలంటే అదే ఆకు లిపిడ్లను తీసి, తేమ ఎంతో రాసిపెట్టి, కెలోరిమీటర్‌లోనూ ఎక్స్ కిరణాల ముందూ పెట్టి చూడాలి.